ఓనరమ్మ, ఆపకూడని కంప్యూటర్

చిక్కడపల్లిలో నేను కిరాయికున్న ఇంటి ఓనరమ్మ పోయిందని మొన్న పొద్దున అప్పటి పక్కింటక్క ఫోన్ చేసి చెప్పింది. "నిజమేనా? ఎవలు చెప్పిన్రు? నువ్వు చూసినవా?" అని గుచ్చి గుచ్చి అడిగాను. ఎవరేం చెప్పినా ఒక పట్టాన నమ్మొద్దని నాకు నేర్పింది ఆవిడే. ఈ ఒక్క కబురు అబద్ధమైతే ఎంత బాగుండేదో.

ఆవిడ ఎవర్నీ నమ్మేది కాదు. కూరగాయల బండి ఆగితే ముందు తరాజు పళ్లెం ఎత్తి అడుగున తడిమి చూసేది. పాలల్లో వేలు ముంచి చూసేది. "నమ్మి చెడినోడు లేడంటరు. నేను శానమందిని చూసిన," అనేది. తొంభైల్లో నేను పైవాటాలో దిగి, కోఠిలో కొన్న పాత కంప్యూటర్ పెట్టాక ఆ అనుమానాలన్నీ నా మీదకి మళ్లాయి.

నారాయణగూడలోని ఒక ప్రెస్సుకి ఇంట్లోనే పుస్తకం కంపోజ్ చేస్తున్నాను. ఈ పనిలో నా మొదటి పుస్తకం. సగం పైగా అయ్యాక ఆ కంప్యూటర్ మొరాయించింది. మెకానిక్ ఎలాగో లేపి, "మళ్ల బంద్ జెయ్యకు అక్కా. చేస్తే లేస్తదని గ్యారంటీ లేదు. దసరా అయినంక నా కంప్యూటర్ తెచ్చి పేజీలన్నీ అండ్లకు దించుత," అన్నాడు. ఫ్లాపీలోకి ఎక్కిద్దామంటే ఆ డ్రైవ్ ఎప్పుడో చచ్చింది. పేజీలు పోతే ప్రెస్ వాళ్లు మళ్లీ నా మొహం చూడరు. అందుకని, కరెంటు పోకూడదని దణ్ణం పెట్టుకుంటూ, రాత్రీ పగలూ ఆపకుండా నడిపించాను.

ఇంక చూడాలి ఓనరమ్మని! మెట్లెక్కొచ్చి గోడకి చెవి పెట్టేది. "ఏం బిడ్డా, నువ్వు బజారుకు పోయినా గా డబ్బ గుయ్యిమంటనే ఉన్నది. ఎవలికోసం?" టీవీలో గీతలొచ్చినా, మామిడికాయ తొక్కుకి బూజు పట్టినా నా కంప్యూటర్ వల్లేననేది. నాకూ ఆవిడ మీద అనుమానం మొదలైంది. రెండు వాటాలకీ ఒకటే మెయిన్ స్విచ్, అది కింద ఆవిడ గుమ్మం పక్కనే ఉంది. అక్కడ ఏ చప్పుడైనా మెట్ల మీంచి తొంగి చూసేదాన్ని.

ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పట్టుకొని వచ్చింది. "పూజైన పనిముట్టు ఇయ్యాల పని చెయ్యొద్దు. బంద్ జెయ్యి," అంటూనే ప్లగ్గు మీదకి చెయ్యి పోనిచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది.

"వద్దమ్మా! బంద్ జేస్తే మళ్ల లేవదు. నా పుస్తకమంత అండ్లనే ఉన్నది."

"ఆరితే మళ్ల వెలగదా?"

"వెలగదమ్మా."

కింద ఆవిడ దేవుడి గదిలో నవరాత్రుల అఖండ దీపం వెలుగుతోంది. అది ఆరుతుందని ఆ తొమ్మిది రోజులూ ఫ్యాను వేయనిచ్చేది కాదు. పిల్లినీ నమ్మేది కాదు, మనవళ్లనీ నమ్మేది కాదు. "గీ ముచ్చట ముందే చెప్పరాదా, పిచ్చిదానా!" అని కసిరి, కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, "నడువనీ," అని దిగిపోయింది.

ఇవాళ నేనీ పనిలో నాలుగు మెతుకులు తింటున్నానంటే అది ఆవిడ అనుమానం చలవే. పండగ వెళ్లాక మెకానిక్ తన కంప్యూటర్ తెచ్చి రెంటికీ వైరు కలిపాడు. పేజీలు నెమ్మదిగా దిగుతున్నాయి. అంతలో కింద కేకలు. ఫ్యాను బిగించడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపాలంటున్నాడు.

"జర రెండు నిమిషాలే అమ్మా!"

"నీ రెండు నిమిషాలు నాకెర్క లేదా? రేపు రాపో."

ఎక్కడ ఆపేస్తాడోనని పరుగున దిగాను. ఓనరమ్మ మెయిన్ ముందు పీట వేసుకుని, వీపు గోడకానించి, ఒళ్లో చీపురుకట్టతో కూర్చుని ఉంది. స్విచ్ చూద్దామని నేను ఒకడుగు ముందుకేశాను. చీపురు ఎత్తింది.

"దూరముండు బిడ్డా. నిన్ను గూడ నమ్మ."