చూసినవాళ్ళెవరు?

మా కన్ఫర్మేషన్ క్లాసు మాస్టారికి ఒక్కటే జబ్బు. సాక్షి లేనిదే ఏదీ నమ్మరు. బయట వాన పడుతోందని తడిసి ముద్దయి వచ్చి చెప్పినా సరే, "చూసినవాళ్ళెవరు?" అనేవారు. ముప్ఫై రెండేళ్ళు కోర్టులో గుమాస్తాగా సాక్షుల మాటలు రాసీ రాసీ రిటైరయ్యారు. కోర్టు ఆయన్ని వదిలింది గానీ ఆయన కోర్టుని వదల్లేదు. ఆలస్యంగా వచ్చినవాడు "బస్సు రాలేదు మాస్టారూ" అంటే, ఆ బస్సు కోసం పక్కన నిలబడ్డ ఇంకొకరిని వెంటబెట్టుకు రమ్మనేవారు. కూరలో ఉప్పు వేశానని భార్య చెప్పినా ఇదే ప్రశ్నట. "మీ నాలుకే సాక్షి, తిని చావండి" అనేదట ఆవిడ.

మా మెథడిస్టు సంఘంలో సంస్కారాలు రెండే: బాప్తిస్మం, ప్రభువు బల్ల. ఆ రెండూ పద్నాలుగేళ్ళ పిల్లలం ఎనిమిదిమందికి బుర్రకెక్కించే పని పాస్టరుగారు ఈయనకి అప్పగించారు. శనివారం శనివారం, చర్చి వెనక గదిలో, కుంటి బెంచీల మీద క్లాసు. పసితనంలో మన తరఫున పెద్దవాళ్ళు ఇచ్చిన మాటని, ఎదిగాక మన నోటితో మనమే ఒప్పుకోవడం కన్ఫర్మేషన్. దానికి ముందు ఈయన్ని దాటాలి.

"నిద్రపోయే పసిబిడ్డకి బాప్తిస్మం ఏం తెలుస్తుంది మాస్టారూ?" అని డ్రైవరుగారబ్బాయి అడిగాడు.

"మీ అమ్మ నీకు పాలిచ్చినప్పుడు నీకేం తెలిసిందిరా?"

"ఏం తెలీదు."

"కడుపు నిండిందా లేదా?"

"నిండే ఉంటుంది."

"ఉంటుంది కాదు. చూసినవాళ్ళెవరు?"

"అమ్మ!"

"అదీ! దేవుడి కృప మనకంటే ముందే నిద్ర లేస్తుంది. మనం అడక్కుండానే వచ్చేస్తుంది. మనకి గుర్తుండదు కాబట్టి సంఘమంతా నిలబడి చూస్తుంది. అందుకే బాప్తిస్మం ఒక్కసారే. ఆయన మాట తప్పితే కదా రెండోసారి అడగడానికి!"

ప్రభువు బల్లంటే యేసుని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం. ఆ పాఠం నాడు బుల్లి గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి ట్రేలో తెచ్చారు. మా దగ్గర పులియని రసమే ఇస్తారు. అది పులియలేదనడానికి సాక్షి కావాలి కదా, తాగి చెప్పమని డ్రైవరుగారబ్బాయిని లేపారు. వాడు నాలుగు గ్లాసులు తాగి, ఇంకా తేల్చుకోలేకపోతున్నానన్నాడు. మాస్టారు రెండో సాక్షిని పిలిచారు, తర్వాత మూడో సాక్షిని. పాఠం మొదలయ్యేసరికి ట్రే ఖాళీ.

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, క్లాసు చివర ఆయన మాట వినేదాకా. "వచ్చే శనివారం అందరూ బాప్తిస్మం సర్టిఫికెట్లు తేవాలి" అన్నారు.

నా దగ్గర సర్టిఫికెట్ లేదు. నాకు రెండేళ్ళు నిండకముందే అమ్మా నాన్నా ఒకే ప్రమాదంలో పోయారు. పెంచింది పెద్దమ్మ. నేను పుట్టినప్పుడు ఆవిడ వేరే ఊళ్ళో ఉంది. "అయ్యే ఉంటుంది లేవే. మీ అమ్మ అశ్రద్ధ మనిషి కాదు" అంది. ఆ "ఉంటుంది" పట్టుకుని మాస్టారి ముందుకి వెళ్ళడమంటే పులి నోట్లో తల పెట్టడమే. చూసినవాళ్ళు ఎవరూ లేరని తేలితే? అమ్మ అసలు నన్ను చర్చికే ఎత్తుకెళ్ళలేదని తేలితే? అమ్మ గురించి నాకు మిగిలిందే తక్కువ, అదీ పోతుందేమోనని భయం.

శనివారం ఏడు సర్టిఫికెట్లు వచ్చాయి. నా వంతు వచ్చింది.

"పోయిందా?"

"అసలు ఉందో లేదో తెలీదు మాస్టారూ."

"ఏ ఊళ్ళో పుట్టావు? అమ్మ ఏం చేసేది?"

ఊరి పేరు చెప్పాను. "ఆసుపత్రిలో నర్సు" అన్నాను. ఏ చర్చో తెలీదన్నాను. అంతా పొడుగు కాయితం మీద రాసుకున్నారు. "చూసినవాళ్ళెవరు?" అని మాత్రం అడగలేదు. అడిగితేనే బాగుండేది, అడక్కపోయేసరికి ఇంకా బెదిరిపోయాను.

ఆ తర్వాతి శనివారం క్లాసు లేదన్నారు. దాని తర్వాతదీ లేదన్నారు. జ్వరంతో కూడా క్లాసు మానని మనిషి! "నీ కేసు కొట్టేయించడానికే తిరుగుతున్నారు" అని డ్రైవరుగారబ్బాయి తేల్చేశాడు. పాస్టరుగారు నా మొహం చూసి, "కంగారుపడకమ్మా. ఏమీ తేలకపోతే, 'ఒకవేళ ఇదివరకు కాకపోయి ఉంటే' అనే మాట చేర్చి నేనే బాప్తిస్మం ఇస్తాను" అన్నారు. మంచి మాటే. కానీ ఆ "ఒకవేళ" నాకు గొంతు దిగలేదు.

కన్ఫర్మేషన్ ఆదివారానికి సరిగ్గా ముందురోజు మాస్టారు దిగారు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఒక ముసలావిడ చెయ్యి.

"మీ ఊరి పాత చర్చి కూల్చేశారు. రిజిస్టర్లు చెదలు తినేశాయి. అక్కడ ప్రభువు బల్ల గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసినావిడ ఈవిడ. ఈవిణ్ణి చెదలు తినలేదు."

"తినడానికేం మిగిలింది బాబూ" అందావిడ.

నేను పరుగున వెళ్ళబోతే మాస్టారు అడ్డుపడ్డారు. "నువ్వు బయట కూర్చో. కక్షిదారు మొహం చూసి సాక్షి మాట చెప్పకూడదు."

లోపల పాస్టరుగారు, ముసలావిడ, మాస్టారు. బయట నేను, తలుపుకి చెవి ఆనించి.

"బాప్తిస్మం నీళ్ళ గిన్నె ఇత్తడిదా, పింగాణీదా?"

"పింగాణీది. అంచు పగిలింది."

"ఎవరు పగలగొట్టారు?"

"నేనే. అదీ రాస్తావా ఏంటి?"

"రాస్తాను. ఆ ఏడు ఇంకా ముగ్గురు బిడ్డలకి బాప్తిస్మం అయిందన్నారు. వాళ్ళలో ఈ పిల్ల లేదని ఏంటి రుజువు?"

నాకు ఏడుపొచ్చింది. ఊళ్ళు పట్టుకు తిరిగి తెచ్చిన సాక్షిని తనే పడగొట్టేలా ఉన్నాడీ మహానుభావుడు! ఆ తర్వాత గొంతులు తగ్గిపోయాయి. ఎంతసేపు ఉన్నానో తెలీదు.

తలుపు తెరుచుకుంది. "నాకు 'ఒకవేళ' అక్కర్లేదమ్మా" అన్నారు పాస్టరుగారు. మాస్టారు నాకో కాయితం ఇచ్చి, "నకలు. దాచుకో" అని, ఆవిణ్ణి భోజనానికి తీసుకెళ్ళిపోయారు.

మొత్తం పదకొండు ప్రశ్నలు. మొదటి పదీ తేదీ, పాస్టరుగారి పేరు, నీళ్ళు, పలికిన మాటలు. ఆ ఏడు నలుగురు తల్లుల్లో డ్యూటీ దిగి నర్సు బట్టల్తోనే చర్చికి వచ్చింది ఒక్కతేనని కూడా ఉంది. పదకొండోది ఏ రిజిస్టరుకీ అక్కర్లేనిది.

"ప్రశ్న: అప్పుడు తల్లి ఎలా ఉంది?

జవాబు: బిడ్డ పాస్టరుగారి కళ్ళజోడు లాగి గిన్నెలో పడేసింది. మేమంతా హడలిపోయాం. తల్లి మాత్రం పకపకా నవ్వింది. ఆపమన్నా ఆపలేకపోయింది."

మా అమ్మ పకపకా నవ్వుతుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ ఒక్క జవాబూ ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

మర్నాడు సంఘమంతా చూస్తుండగా నేను మోకరించాను. నా తల మీద చెయ్యి పెట్టడానికి వంగబోతూ పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, ఎందుకైనా మంచిదని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.