లక్ష్మి సోలో

“జర పట్టుకో అక్కా, కరవదు.”

“నాకెందుకే? నువ్వే వాయించుకో.”

సూరత్‌లో మా ఊరి బండెక్కే రోజు లక్ష్మి గిటార్ చాపితే నేనన్న చివరి మాట అది. కరోనాకు మగ్గాలు ఆగినప్పుడు చెల్లెలింట్లో చిక్కుకుపోయాను. పక్కగదిలో ఉండే లక్ష్మికీ నాలాగే భర్త లేడు. అయినా బొట్టు పెట్టుకుని, ఫోన్‌లో చూస్తూ గిటార్ నేర్చుకునేది.

“ఈ స్కేలుల ఐదే స్వరాలు అక్కా. వాటిల్నే తిరిగితే తప్పు రాదు.”

“సోలో అంటే ఏందే?”

“ఒక్కదాన్నే వాయించుడు.”

ఆయన పోయాక నేనూ ఒక్కదాన్నే. ఒక్కదానికి అలాంటి పని ఉంటుందని మా ఊళ్లో ఎవరూ చెప్పలేదు. కుళ్లుతో కడుపు మండింది. వేళ్లు గిటార్ వైపు లాగుతున్నా చేతులు కొంగులో దాచుకున్నాను.

కోడలా, నేను చెప్పినట్టే ‘కుళ్లు’ అని అట్లనే రాసినవా? జర చదివి వినిపియ్యి.