సోమలింగం పాసు చేసిన పేరు

సూరత్‌లో బట్టను పరీక్షించేవాళ్లు గల్లీకి పదిమంది దొరుకుతారు. పేరును పరీక్షించేవాడు మాత్రం లింబాయత్ అంతా గాలించినా సోమలింగం ఒక్కడే. ఆయన పద్ధతి చాలా సూటిగా ఉండేది. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తున్న కార్ఖానాలో ఈ చివర తను నిలబడి పేరు పిలుస్తాడు. ఆ చివర సాంచా దగ్గరున్న తోటి పనివాడు అంబదాస్ దాన్ని అందుకోవాలి. అందితే పక్కా రంగు. అందకపోతే కచ్చా రంగు, మొదటి ఉతుకుకే దిగిపోతుంది. తుమ్మితే తుమ్మినవాడికే వినబడని ఆ మోతలో ఏ పేరైనా ఎట్లా అందుతుందని అడిగితే, "గందుకే గదా! గీడ అందిన పేరు ఏడనైనా అందుతది" అని కొట్టిపారేసేవాడు.

ఈ పరీక్ష మనవడు పుట్టాకే మొదలైంది. అంతకుముందు ఆయనకు పిచ్చి లేదని కాదు, ఇంత పద్ధతిగా లేదు. పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టు నోరు బార్లా తెరిచి మాట్లాడేవాడు. మసక వెలుతురులో ఎవరైనా మాట మొదలుపెడితే ఒప్పుకునేవాడు కాదు. "ట్యూబులైటు ఏసి మాట్లాడురా" అనేవాడు, పట్టపగలైనా సరే. కొన్నేళ్ల కింద ఒకనాడు ఉన్నట్టుండి మీసం తీసేసి గల్లీలోకి వచ్చాడు. జనం మొహాలు వేలాడేసుకుని ఎదురొచ్చారు.

"ఎవలు పోయిన్రే సోమన్నా?"

"ఎవలు పోలే. మీసమే పోయింది."

"అయ్యో, ఎందుకు తీసినవే?"

"మాటకు అడ్డమొస్తున్నది."

కొడుకు వరప్రసాద్‌ను కూడా తీసెయ్యమన్నాడు. వరప్రసాద్ మార్కెట్లో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసే మనిషి. ఎన్ని లతలు గీసినా సేఠ్ వంకలు పెట్టి మార్పించేవాడు. ఎవరి చెయ్యీ పడకుండా అతను సొంతంగా పెంచుకున్న డిజైను ఆ మీసం ఒక్కటే. పై పెదవిని పూర్తిగా కప్పేసి, కింది పెదవి మీద నీడ పడేంత మీసం. "బాపూ, నౌకరన్న ఇడుస్త గని మీసం ఇడువ" అని తేల్చి చెప్పాడు.

పేరు విషయంలో కోడలు హారతికీ గట్టి అభిప్రాయమే ఉంది. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది. దీపావళికి బజారునంతా ఊపేసిన డిజైను హోలీ నాటికి కిటికీ తెర అయిపోవడం కళ్లారా చూసిన మనిషి.

"పేర్లు గూడ గంతేనయ్యా" అంది మొగుడితో. "మన గల్లీల ఆరవ్ అని పిలువు, ఆరుగురు పోరగాళ్లు ఉరికొస్తరు. రేపు ఆ పేరు చూసే ఏ సాల్ల పుట్టిన్రో చెప్తరు జనం. మనోనికి పాతబడని పేరు గావాలె. తొట్టెల పిలిచినా సక్కగుండాలె, ఎనుక 'తాత' అని తగిలిచ్చినా సక్కగుండాలె."

సోమలింగం కోరేదీ అదే కదా, రంగు దిగొద్దని. చిక్కంతా పరీక్షతోనే వచ్చింది.

"కృష్ణ అని పంపుదం" అంది హారతి ధీమాగా. "దేవుని పేరు. ఫేల్ చేసెటంత ధైర్యం ఎవలికుంటది?"

సోమలింగానికి ఉంది. వరప్రసాద్ దగ్గరుండి చూశాడు. తండ్రి ఈ చివర నిలబడి నోరు తెరిచాడు. ఆ చివర అంబదాస్ కళ్లు చికిలించి చూసి, లాభం లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఫేల్" అన్నాడు సోమలింగం బయటికొచ్చి.

"కృష్ణుడు ఫేలా బాపూ?"

"దేవుడు మంచోడే. పేరే అందలే."

శంకర్ ఫేల్. నారాయణ ఫేల్. "అర్జున్ యుద్ధం గెలిచిండు గని కార్ఖానాల ఓడిండు" అన్నాడు సోమలింగం, స్కోరు చెప్పినట్టు. బార్డోలీ నుంచి కూతురు నవత ఫోన్ చేసి, "రియాన్ష్ అని పెట్టున్రి బాపూ, మస్తుంటది" అంటే, దాన్ని కార్ఖానా దాకా కూడా తీసుకుపోలేదు. "పేరా అది? దగ్గు మందు లెక్కున్నది" అన్నాడు.

పాసైన పేర్లు లేకపోలేదు. పాపయ్య పాసు. భూమయ్య ఫస్టు క్లాసు. ఇక పెంటయ్యకైతే అంబదాస్ రెండు చేతులూ ఎత్తాడట.

హారతి చేతిలోని రాయి చీరకు బదులు వేలికి అతుక్కుంది. "నా కొడుకు పెంటయ్యనా? గా పేరే పెడితె నేను పిల్లగాన్ని తీస్కొని సచిన్ ఊళ్లె ఉన్న మా అన్న ఇంటికి పోత!"

"పెంటయ్యకేమైందే బిడ్డా? మా తాత పేరు" అన్నాడు సోమలింగం లోపలినుంచి.

"మీ తాతకైన నచ్చిందా మామా గా పేరు?"

సోమలింగం లేచి ట్యూబులైటు వేసి కూర్చున్నాడు.

ఈ రభసలో ఒక్క మాటైనా మాట్లాడనిది నాయనమ్మ ఎల్లవ్వ. తొట్టె తాడును కాలి బొటనవేలికి కట్టుకుని, మనవడి మొహంలోకి చూస్తూ కూర్చునేది. వయసులో ఉన్నప్పటినుంచీ కార్ఖానాలోనే దారం కండెలు చుట్టిన మనిషి. గల్లీలో ఆమెకు పొగరని పేరు. మెట్ల మీద వెనకనుంచి ఎవరు పలకరించినా తిరిగి చూడదు. హారతి గుబులంతా అక్కడే ఉంది. పేరు పెట్టే తొట్టెలనాడు మేనత్త పేరు చెప్పగానే, నాయనమ్మ దాన్ని మూడుసార్లు గట్టిగా పిలవాలి. అప్పుడే పేరు పిల్లవాడిదవుతుంది.

"మనవని పేరు గురించి అత్తమ్మ ఒక్క మాటన్న అడిగిందా? రేపు అందరి ముందట నోరు తెరువకుంటె మనవాళ్లల్ల నా ఇజ్జత్ ఏమైతది?"

"అవ్వ గంతే. మంచిదే గని, జర..." అని వరప్రసాద్ మీసం సవరించుకున్నాడు.

తొట్టెల ముందురోజుకు హారతి అలిసిపోయింది. చేతిలో చీరను పక్కన పడేసి, "బలరాం" అంది. "ఇది ఏ కాలంల గూడ ఫ్యాషన్ గాలే. ఫ్యాషనే గానిది పాతదెట్లైతది?"

వరప్రసాద్ భార్యవంక కొత్తగా చూశాడు. బలరాం తాత, బలరాం సేఠ్, పెళ్లికొడుకు బలరాం. ఎటు తిప్పినా కుట్టు కనబడలేదు. పేరు కార్ఖానాకు వెళ్లింది. సోమలింగం పిలిచాడు. ఆ చివర అంబదాస్ బొటనవేలు ఎత్తి, అంతటితో ఆగక సాంచాల నడుమ ఒక చుట్టు గంతేశాడు.

"షట్టర్ లెక్క తెరుసుకున్నది, షట్టర్ లెక్క మూసుకున్నది" అన్నాడు సోమలింగం మురిసిపోతూ. "పక్కా రంగు!"

ఆ మాట వరప్రసాద్‌కు అర్థం కాలేదు. తండ్రి మాటల్లో అర్థం కానివి చాలా ఉండటంతో దాన్నీ వాటిలో కలిపేశాడు.

ఆదివారం ఇల్లంతా జనం. పాండేసర మిల్లుల్లో పనిచేసే చుట్టాలు సెలవు పెట్టుకుని వచ్చారు. ఎల్లవ్వ ఒళ్లో పిల్లవాడు. నవత వెనకనుంచి వంగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ పేరు చెప్పింది.

ఎల్లవ్వ మనవడిని చూసి నవ్వుతూ కూర్చుంది.

"పిలువవే అవ్వా!" అంది నవత.

ఎల్లవ్వ పలకలేదు. గది అంతా గుసగుసలు లేచాయి. "మనవని పేరు పిలువనీకి గూడ పొగరేనా?" అని ఎవరో వినబడేలాగే అన్నారు. హారతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వరప్రసాద్ ముందుకొచ్చి తల్లి ఎదురుగా నిలబడ్డాడు. "అవ్వా, బలరాం!" అని అరిచాడు. ఎల్లవ్వ తలెత్తి అతని నోటివైపు చూసింది. తుమ్మ పొదలో దారి వెతికేవాళ్లు చూసినట్టు చూసింది. దొరకలేదు. ఆమె మొహంలో నవ్వు చెదిరింది.

టక్కుమని ట్యూబులైటు వెలిగింది. సోమలింగం కొడుకును భుజంతో పక్కకు తోసి, భార్య ముందు నిలబడి నోరు విప్పాడు. పెదవులు కలిశాయి, విచ్చుకున్నాయి, మళ్లీ కలిశాయి. పక్కనే, చెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడ్డ వరప్రసాద్ అప్పుడు గమనించాడు. తండ్రి నోట్లోంచి చప్పుడన్నదే రాలేదు.

"బలరాం!" అంది ఎల్లవ్వ, నడిచే కార్ఖానాలో అరిచినట్టు. పిల్లవాడు ఉలిక్కిపడి ఆమెనే చూశాడు. "బలరాం! ఓ బలరాం!"

భోజనాలప్పుడు వరప్రసాద్ తండ్రిని మెట్ల మీద పట్టుకున్నాడు.

"ఎప్పటిసంది బాపూ?"

"మీసం తీసినప్పటిసంది."

"నాకు చెప్పొద్దా?"

"మీ అవ్వ ఒట్టేపిచ్చుకున్నదిరా. చెవులు పోయినయని తెలిస్తె రేపు మనవలు పుట్టినా చేతికియ్యరని భయం దానికి. కృష్ణ అని చూడు, పెదవి మీద పెదవి పడదు. దానికి కనబడదు. అందరు పిల్లగాన్ని పిలుస్తుంటె, అదొక్కతి దిక్కులు చూసుకుంట కూసోవాల్నా?"

"అంబదాస్ కాకకు ఎరుకేనా?"

"కార్ఖానాల అందరం పెదవులే సూస్తం గదరా. చెవులతోని ఆడ ఎవలికేం పని?"

వెనక తలుపు దగ్గర హారతి నిలబడి ఉంది. అంతా విని లోపలికి వెళ్లింది. తొట్టె తాడు కొసను అత్తగారి కాలి వేలికి తనే కట్టి, ట్యూబులైటు కిందికి జరిగి, ఆమె మొహానికి ఎదురుగా కూర్చుంది.

"అత్తమ్మా, వీడు ఏడిస్తె నాకంటె ముందు నీకే తెలుస్తది. జర సూస్కో, నేను ఇంత బువ్వ తినొస్త."

ఎల్లవ్వ కోడలి పెదవులకేసి చూసి, తలూపి, పో పొమ్మని చెయ్యి విసిరింది.

మర్నాడు పొద్దున వరప్రసాద్ గల్లీలోకి దిగేసరికి ఎదురుగా అంబదాస్ వస్తున్నాడు. చూస్తూనే సైకిల్ దిగి, మొహం వేలాడేసుకుని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవలు పోయిన్రు బిడ్డా?"

వరప్రసాద్ చల్లగాలి తగులుతున్న పై పెదవిని తడుముకున్నాడు.

"ఎవలు పోలే కాకా. మాటకు అడ్డమొస్తున్నది" అన్నాడు, నోరు బార్లా తెరిచి.