ఒక్క గేటు చీటీకి ఎన్ని కావాలో

2022, కార్తీకమాసం. సూర్యాపేటలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. కాలేజీ మెట్లెక్కని నేను మాన్యువల్స్ చదువుకుని నేర్చుకున్న పని షేర్డ్ హోస్టింగ్. అంటే ఒకే సర్వర్‌లో చాలామంది వెబ్‌సైట్లను ఉంచడం. ఒకరి ఫైళ్లు మరొకరికి కనబడకుండా ఒక్కో సైటు చుట్టూ కంచె ఉంటుంది. లోపల ఎవరికి వారు సర్వరంతా తమదే అనుకుంటారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ఉదయమే మిర్యాలగూడ రైస్‌మిల్లు సేటు సైటును నా సర్వర్‌లోకి మార్చాను. రైతు పేరు కొడితే అది గేటు చీటీ ఇస్తుంది. చీటీ ఉంటేనే ట్రాక్టరు లోపలికి. మధ్యాహ్నం సేటు ఫోన్.

“అమ్మా, చీటీలు వస్తలేవు. ట్రాక్టర్లు రోడ్డు దాక నిలవడ్డయి. మబ్బు సూస్తే భయమైతున్నది. వడ్లు తడిస్తే ఖతం!”

చీటీని పీడీఎఫ్‌గా మార్చేది సైటు కాదు, సర్వర్‌లోని ఒక సిస్టమ్ ప్రోగ్రామ్. సైట్లు అలాంటి వాటిని పిలవకుండా భద్రత కోసం నేనే ఆపి ఉంచాను. సేటుకు అదే చెప్పాను.

“అన్నీ తెరిచెయ్యరాదమ్మా?”

“వద్దు సేటూ. మీ సైట్ల దొంగ పడితే మిగిలినోళ్ల మీదికి పోతడు. ఆ ఒక్క ప్రోగ్రామే ఇస్త. జర ఆగండి.”

దాన్ని ఒక్కదాన్నే కంచె లోపలికి తెచ్చి అనుమతి రాశాను. అలవాటుగా ఇంగ్లిష్‌లో ‘టెస్ట్’ అని కొట్టి చూస్తే చీటీ వచ్చింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. అంతలో సేటు ఫోన్‌లోంచే గేటు దగ్గరి తగువు వినబడింది. పెన్‌పహాడ్ నుంచి వడ్లు తెచ్చిన ఒకామె గుమాస్తాను నిలదీస్తోంది.

“గీ డబ్బాలేందయ్యా? నా పేరేది?”

“పేరు లేని చీటీ మీద ఎట్ల పంపియ్యాలక్కా?”

“పేరు లేకుంటే నేను లేనా? నీ ముంగటనే ఉన్న గదా!”

అప్పుడు అర్థమైంది. ప్రోగ్రామ్ లోపలికి వచ్చింది కానీ, అది తెలుగు అక్షరాలు గీయడానికి వాడే ఫాంట్ కంచె బయటే ఉండిపోయింది. ఇంగ్లిష్ ‘టెస్ట్’ బాగానే వచ్చినా, తెలుగు పేరు చోట ఖాళీ డబ్బాలు పడ్డాయి. ఆ ఫాంట్‌నూ లోపలికి చేర్చాను.

“మళ్ల కొట్టమనండి సేటూ.”

గుమాస్తా ఆమె పేరు మళ్లీ కొట్టాడు. తర్వాత ఆమె గొంతే: “ఆఁ, గిది నేను! నడువు, నడువు!” ట్రాక్టరు షెడ్డు కిందికి వెళ్తుండగానే రేకుల మీద చినుకుల చప్పుడు ఫోన్‌లో వినిపించింది.

ఒక ప్రోగ్రామ్‌కు అనుమతి ఇవ్వడమంటే దాని వెనుక నిలబడ్డ ప్రతిదాన్నీ చూసుకోవడమని ఆ రోజు తెలుసుకున్నాను. చిన్న కాగితం మీద ఒక మనిషి పేరు పడటానికి కంటికి కనబడనివి ఎన్ని కలిసిరావాలో! అదే సర్వర్‌లోని మిగతావాళ్లకు ఆ మధ్యాహ్నం ఏమీ తెలియలేదు. వాళ్లకు తెలియనివ్వకపోవడమే నాకు దక్కిన పని. అందుకు ఆ దేవుడికి రుణపడి ఉన్నాను.