మెడ కిందంతా బాగుంది

కుట్టుపని కార్ఖానాలో ఆవిణ్ణి అందరూ మాస్టరమ్మ అనేవారు. ఆస్పత్రి సిబ్బందికీ బడిపిల్లలకీ యూనిఫాంలు కుట్టే చోటది. పదహారు మంది మిషన్ల మీద కుడితే, ఆ పదహారు మందికీ గుడ్డ కత్తిరించి ఇచ్చేది ఆవిడొక్కతే. నలభై వరసలు పేర్చిన గుడ్డ మీద సుద్దగీత గీసి, కరెంటు కత్తి పట్టుకుని బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు నడిచిందంటే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. నోరు మాత్రం ఆ కత్తికన్నా పదును. చంక దగ్గర కుట్టు వంకరపోయిన పిల్లను పట్టుకుని, "గుడ్డకి నోరు లేదు కాబట్టి దాని తరఫున నేను తిడుతున్నా" అనేది.

ఆవిడ భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో మిగిలింది ఆవిడా, పెళ్లి చేసుకోని ఆడపడుచూ. ఆడపడుచు కూడా అదే కార్ఖానాలో గుండీలు కుడుతుంది. ఆమెకు కత్తిరింపు నేర్చుకోవాలని ఉండేది కానీ, ఆమెది ఎడమచేతి వాటం. "నువ్వు కత్తి పడితే గుడ్డా పోతుంది, వేలూ పోతుంది" అని మాస్టరమ్మ ఇరవై ఏళ్లుగా ఆమెను బల్ల దరిదాపులకు రానివ్వలేదు. ఒకే గదిలో పడుకునేవారు, ఒకే బస్సెక్కేవారు. మాటలు తక్కువ, దెప్పుళ్లు ఎక్కువ.

ఒకరోజు మాస్టరమ్మ నడుం పట్టుకుని బల్ల పక్కనే కూలబడింది. ఆస్పత్రిలో గౌను మార్చడానికి సాయం పట్టినప్పుడే ఆడపడుచు ఎడమ రొమ్ము చూసింది. చర్మం లోపలికి గుంజుకుపోయి ఉంది. లోపల నిమ్మకాయంత గడ్డ.

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్లయుంటుంది. అరవకు, పక్కన మనుషులున్నారు."

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, దాచకుండా చెప్పింది. జబ్బు లివర్‌కీ వెన్నెముకకీ పాకింది. "పూర్తిగా తీసెయ్యలేం. అణిచి ఉంచుతాం. ఎన్నాళ్లని మాత్రం నన్నడక్కండి." మందులు రెండు. ఒకటి కీమో, వారం వారం. రెండోది మూడు వారాలకోసారి. మాస్టరమ్మ జబ్బుకణాల పైన ఒక గుర్తు ఎక్కువగా ఉందట, ఆ రెండో మందు ఆ గుర్తునే వెతికి పట్టుకుంటుందట. రెండూ నరంలోకి సెలైన్‌లా ఎక్కించేవే.

మాస్టరమ్మ తలూపింది. "అంటే ఒకటి గుడ్డ తాను మొత్తం చించేది, రెండోది గీత చూసి కత్తిరించేది."

"అంతే."

"మరి ఆ రెండోది ఒక్కటే ఇవ్వండి."

డాక్టరమ్మ నవ్వింది. "రెండూ కలిస్తేనే బాగా పని చేస్తాయమ్మా."

మొదటిసారి ఎక్కించినప్పుడు, గంట గడవకముందే మాస్టరమ్మకు పళ్లు టకటకలాడేంత చలి వచ్చింది. కుర్చీతో సహా వణికిపోయింది. నర్సు పరుగున వచ్చి మందు ఆపి, ఇంజెక్షనిచ్చి, "మొదటిసారి కొందరికిలా అవుతుంది, భయపడకండి" అంది. ఆడపడుచు ఏం చెయ్యాలో తోచక వదిన పాదాలు రెండూ తన ఒళ్లో పెట్టుకుని శాలువా చుట్టింది. వదిన కాళ్లు ముట్టుకోవడం అదే మొదటిసారి. మాస్టరమ్మ కళ్లు మూసుకునే, "చేతులు కడుక్కున్నావా?" అంది.

జుట్టు ఊడింది. నోరు పూసింది. మూడు నెలలకోసారి గుండె పరీక్ష, ఆ రెండో మందుతో గుండె బలహీనపడకుండా చూసుకోవడానికి. నాలుగో నెల స్కానులో లివర్‌లో మచ్చలు సగానికి సగం తగ్గాయని చెప్పారు. ఆ సాయంత్రం ఆడపడుచు రేడియో పెడితే మాస్టరమ్మ కట్టెయ్యమనలేదు.

అయితే కీమో వేళ్లను తినేసింది. ముందు జివ్వుమనేవి, తర్వాత మొద్దుబారాయి. మందు లేని రోజుల్లో మాస్టరమ్మ పనికి వస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం తెల్లకోట్ల గుడ్డ కత్తిరిస్తుంటే మిషన్ మీది పిల్ల కెవ్వున కేకేసింది. గుడ్డ మీద ఎర్రగా మరక పాకుతోంది. మాస్టరమ్మ ఆ మరకను చూసి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక అటూ ఇటూ వెతికింది. చూపుడువేలు సగం దాకా తెగింది. ఆవిడకు తెలియనే లేదు.

యజమాని మంచివాడే. "మాస్టరమ్మా, ఇక మీరు బల్ల దగ్గర నిలబడొద్దు" అన్నాడు.

"నిలబడతాను. కత్తి అది పడుతుంది," అని ఆడపడుచు వైపు గడ్డంతో చూపించింది.

మర్నాడు గోడకు ఆనించి ఉన్న బల్లను ముందుకు లాగించి, ఆడపడుచును అవతలి వైపు నిలబెట్టింది. "ఆ చివర మొదలుపెట్టి ఇటు రా. నీ చేతికి దారి అదే." ఇరవై ఏళ్లలో ఈ ఉపాయం ఆవిడకు తట్టలేదో, తట్టించుకోలేదో! ఆడపడుచు అడగలేదు. ఆ రోజు తిన్న తిట్లకు బాత్రూంలోకెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని మళ్లీ వచ్చి కత్తి పట్టుకుంది.

వేళ్ల సంగతి చూసి డాక్టరమ్మ కీమో ఆపేసి, రెండో మందొక్కటే సాగించింది. అలా పదకొండు నెలలు. జుట్టు తిరిగి మొలిచింది, పొట్టిగా, ఉంగరాలుగా. ఆడపడుచు ప్యాంట్లు దాటి కోట్లు కత్తిరించే దాకా వచ్చింది.

తర్వాత పొద్దున్నే తలనొప్పులు మొదలయ్యాయి. మాస్టరమ్మ నడకలో తూలేది. సుద్ద కావాలంటే ఆ మాట దొరక్క, "అదే, ఆ తెల్లది" అనేది.

స్కాన్ కాగితాలు చూసి డాక్టరమ్మ, "మెడ కిందంతా బాగుంది. లివర్‌లో మచ్చలు దాదాపు లేవు" అంది. ఆడపడుచు మొహం విప్పారింది. మాస్టరమ్మ మాత్రం, "మరి పైన?" అంది.

"తలలో నాలుగుచోట్ల ఉందమ్మా. మనమెక్కించే మందు అక్కడిదాకా సరిగా చేరదు."

పది రోజులు తలకు రేడియేషన్ కరెంటు పెట్టారు. దాంతో రెండు నెలలు కలిసొచ్చాయి, అంతే. మాస్టరమ్మ మంచం దిగడం మానేసింది.

ఒక మధ్యాహ్నం తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఆడపడుచు ఇన్నాళ్లూ అడగనిది అడిగేసింది. "రెండేళ్లు ఎందుకు దాచావు వదినా?"

మాస్టరమ్మ మాటల కోసం చాలాసేపు తడుముకుంది. "చెబితే చేసేది నువ్వే కదా. నీతో చేయించుకునే మొహం... నాకెక్కడిది?"

ఆడపడుచుకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "అప్పుడే చెప్పుంటే తిట్టుకుంటూనైనా తీసుకెళ్లేదాన్ని కదా!"

"తెలుసు," అంది మాస్టరమ్మ. "ఇప్పుడు తెలుసు."

ఆ తర్వాత ఎనిమిది రోజులకు, పొద్దున పది దాటాక పోయింది. ఊపిరి రెండుసార్లు ఆగి, మళ్లీ వచ్చి, మూడోసారి రాలేదు. ఆడపడుచు వదిన కాళ్ల మీద శాలువా సర్దింది. తర్వాత లేచి కార్ఖానాకు ఫోన్ చేసింది. యజమాని ఎత్తి, "చెప్పమ్మా" అన్నాడు. ఆమెకు నోరు పెగల్లేదు. అవతల మిషన్లు నడుస్తున్న చప్పుడు. ఆయన ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో ఏదో అన్నాడు. ఆ చప్పుడు ఒక్కొక్క మిషనే తగ్గుతూ వచ్చి, పూర్తిగా ఆగిపోయింది.