పులిసిన ద్రాక్షారసం

భివండిలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో, యేసు చివరి విందును తలచుకునే ప్రభు బల్ల రోజు అందరం ఒకే గిన్నెలోని ద్రాక్షారసం తాగుతాం. కిందటేడు ఎండాకాలంలో ఆ రసం చేసే పని అమ్మ మొదటిసారి నాకు అప్పగించింది. నేను గురువారమే ద్రాక్షలు పిండి సీసాలో పోసి ఉంచాను.

ఆదివారం గిన్నె నాన్న చేతికి వచ్చింది. వాసన చూసి, తాగకుండా పక్కకు ఇచ్చేశాడు. పాపం దాచుకున్నవాళ్లే ఆ రసం తాగరని మావాళ్లు అనుకుంటారు.

"మళ్ల తాగుడు షురూ చేసిండేమో," అంది నా వెనక కూర్చున్న అత్త.

మగ్గాల షెడ్డులో పనిచేసే నాన్న బాప్తిస్మం రోజే మందు మానేశాడు. నలుగురిలో నోరు విప్పని నేను లేచాను.

"రసం పులిసింది. నేనే మూడు దినాల ముందు చేసిన."

పాస్టరుగారు మూతి తుడుచుకుని, "ఇది గూడ ద్రాక్షారసమే గదా బిడ్డా," అన్నారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ తాగాను.

"అప్పుడే ఎందుకు చెప్పలే బాపూ?" అని దారిలో అడిగాను.

"నీ పేరు పోతదని బిడ్డా. నాకైతే ఒక్క చుక్క చాలు, మళ్ల తాగుడుల పడిపోత."

తాజా రసానికీ, పులిసి మత్తెక్కించే రసానికీ బైబిల్లో ద్రాక్షారసమనే ఒకటే మాట. తాగిన మాది తప్పా, తాగని నాన్నది తప్పా, నాకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు రసం శనివారం సాయంత్రమే పిండుతున్నాను. అయినా గిన్నె నాన్న చేయి దాటేదాకా ప్రార్థనలో కళ్లు మూసుకోలేను.