పురుగులకు కొన్న బెల్లం

సిరిసిల్లలో అక్క వాళ్ల బావి చెడిపోవడంతో పోయినవి ఇవి: పాలిచ్చే బర్రెలు రెండు, నిమ్మచెట్లు పదకొండు, ఒక కూరగాయల మడి, అక్క చేతుల మీది తోలు. పక్కన నూలుకు రంగు వేసే షెడ్డువాళ్లు గుంతలోకి వదిలిన నీళ్లు భూమిలోకి దిగి, బావి ఊటలో ఎర్రగా తేలాయి. షెడ్డాయన తాళం వేసుకొని పోయాడు. అక్క ఎక్కడికి పోతుంది?

సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన జగిత్యాల సారు ఒకాయన దారి చూపాడు. రంగును విరిచే సూక్ష్మజీవులు పేడలోనే ఉంటాయట. పేడనీళ్లు బావిలో పోసి, వాటికి మేతగా వారానికి ముప్పై కిలోల బెల్లం కరిగించి పోయాలి. పన్నెండు వారాలు. ఆ తర్వాత నీళ్లలోకి గాలి కొట్టాలి, లేకుంటే మిగిలిన విషం విరగదు.

"రంగు పోయిందని తాగేరు! పరీక్ష చేయించినంకనే. నడుమల మేత మాత్రం ఆపొద్దు," అన్నాడు.

నేను కోరుట్లలో నల్లబెల్లం కొన్నాను, గుడుంబ సారా కాచేవాళ్లు వాడేది. తినే బెల్లం కొనే స్తోమత లేదు. నాలుగు వారాలకు నీళ్లు చాయ రంగుకు దిగాయి. అంతలో తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది, సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. మేత ఆగొద్దని మిగిలిన ఎనిమిది వారాల బెల్లం ఒకేసారి ట్రాలీ ఆటోలో వేసుకొని బయలుదేరాను. వేములవాడ దగ్గర ఎక్సైజ్ చెక్‌పోస్టు వాళ్లు ఆపారు.

"ఏం పెద్దమనిషీ, గుడుంబ ఎన్ని డ్రమ్ములైతది?"

"గుడుంబకు కాదు సార్. బావిల పురుగులకు. అవి నీళ్లు మంచిగ చేస్తయి."

జవాను పగలబడి నవ్వాడు. "సార్, ఈయన పురుగులకు పరమాన్నం వండుతడట!"

"దగ్గర్నే సార్, సిరిసిల్ల. వచ్చి సూడున్రి."

"తెలంగాణ రానీయ్. నీ పురుగులకు గవర్మెంటే పంపుతది బెల్లం."

అక్కడికి కొంచెం దూరంలో ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వండుకొని తినే వంటావార్పు నడుస్తోంది. మా నీళ్లు మాకు కావాలని అరుస్తున్నారు. నేనూ ఎన్నోసార్లు అరిచినవాణ్ణే. ఆ అరుపుల మధ్యనే ఒక బావిని బాగుచేసే సరుకును చెక్‌పోస్టు వాళ్లు తమ బండిలోకి ఎత్తుకున్నారు. ఒక్కరు అడ్డం రాలేదు. గుడుంబ బెల్లం అనుకొని మావాళ్లే నన్ను అసహ్యంగా చూశారు. ఆ చూపుకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మళ్లీ కొనే పైసలు లేక మేత ఆగింది; మూడు వారాలకు ఊటలో వచ్చే రంగుతో బావి మళ్లీ ఎర్రబడింది.

"తమ్మీ, నీ పురుగులు సుత సమ్మెకు పోయినయా?" అంది అక్క. నవ్వుతూనే అంది. కానీ బిందె పట్టుకున్న వేళ్లు పగిలి ఉన్నాయి.

సమ్మె అయిపోయాక బెల్లం అడగడానికి ఎక్సైజ్ ఆఫీసుకు వెళ్లాను. పారబోశామన్నారు. ఎక్కడ అంటే చెప్పలేదు. రాష్ట్రం వచ్చింది, ఆఫీసు బోర్డు మీద రాష్ట్రం పేరు మారింది, మళ్లీ వెళ్లాను. పాత సంగతులు మాకు తెలియవన్నారు. పైసలిస్తామన్నా నాకు వద్దు. బావికి రావలసింది ఎనిమిది వారాల మేత. రెండు వందల నలభై కిలోలు. ఒక్క కిలో కూడా ఇంకా రాలేదు.